మేలిమి నుంచి హాల్‌మార్క్ దాకా: బంగారం స్వచ్ఛతకు హామీ ఎవరిది?

బంగారం మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది దిగుమతులు, కరెంట్ ఖాతా లోటు అని రాసి ఊరుకుంటాం. చరిత్ర వైపు నుంచి చూస్తే అసలు ప్రశ్న వేరు. ఈ ముక్కలో నిజంగా బంగారం ఎంత ఉందో ఎవరు చెప్పాలి?

మా ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్నకు రెండు వైపులా మనుషులు కనిపిస్తారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. జీతం మీద బతికే ఇంట్లో పొదుపంటే చాలావరకు ఆడపిల్ల పెళ్లికి కూడబెట్టే బంగారమే. ఇదే జిల్లాలోని దాస్‌పూర్, ఘాటాల్ ప్రాంతాల నుంచి స్వర్ణకారులు నగలు చేసేందుకు ముంబై, ఢిల్లీ వెళ్తుంటారు. అంటే కొనేవారూ చేసేవారూ ఇద్దరూ ఇక్కడివారే.

శుద్ధి ఎలా చేస్తారు?

కౌటిల్యుని అర్థశాస్త్రంలో సువర్ణాధ్యక్షుడనే అధికారి, అక్షశాల అనే ప్రభుత్వ పనిశాల ఉన్నాయి. గీటురాయి మీద గీత చూసి వన్నె చెప్పే పద్ధతితో పాటు అందులో జరిగే మోసాల ప్రస్తావన కూడా ఉంది. ఆధునిక శుద్ధిలో రెండు పద్ధతులు గుర్తుంచుకోండి. 1867 నాటి మిల్లర్ పద్ధతిలో కరిగిన బంగారంలోకి క్లోరిన్ వాయువు పంపుతారు. వెండి, రాగి వంటివి క్లోరైడ్లుగా మారి విడిపోతాయి. స్వచ్ఛత సుమారు 99.5 శాతానికి చేరుతుంది. 1874 నాటి వోల్‌విల్ పద్ధతి విద్యుద్విశ్లేషణ. దీనితో 99.99 శాతం వరకు సాధ్యం.

కడ్డీకి ఇంత మేలిమి కావాలి. నగకు మాత్రం అంత మేలిమి పనికిరాదు, మెత్తగా ఉండి వంగిపోతుంది. అందుకే రాగి, వెండి కలిపి 22 క్యారెట్లకు, అంటే 916కు తెస్తారు.

1963: స్వచ్ఛతపై నిషేధం

1962 చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకద్రవ్యం కరిగిపోతుంటే, ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చారు. కొత్త నగ 14 క్యారెట్లు మించకూడదన్నారు. జనం బంగారం మీద మోజు వదులుకుంటారని ఆశించారు. కానీ 14 క్యారెట్లంటే బంగారం 58 శాతమే. రంగు వేరు, గట్టిదనం వేరు. కొనేవారు ముఖం చాటేశారు, స్వర్ణకారుల కుంపట్లు ఆరిపోయాయి, దొంగ రవాణా మాత్రం ఆగలేదు. 1966లో ఈ పరిమితి ఎత్తేశారు. 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చింది. వ్యక్తులు కడ్డీలు దాచుకోవడాన్ని అది నిషేధించింది. 1990లో ఆ చట్టమూ రద్దయింది.

1991, 2009: కడ్డీ విలువ

1991 మేలో చంద్రశేఖర్ ప్రభుత్వం, దొంగ రవాణాలో పట్టుబడిన బంగారంలో 20 టన్నులను తిరిగి కొనే షరతుతో స్విట్జర్లాండ్ బ్యాంకుకు అమ్మించింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం వచ్చాక జూలైలో, రిజర్వ్ బ్యాంక్ సుమారు 47 టన్నులను తాకట్టుకు పంపి 40 కోట్ల డాలర్ల దాకా తెచ్చింది. 2009లో కథ తిరగబడింది. ఐఎంఎఫ్ నుంచి 200 టన్నులను 670 కోట్ల డాలర్లకు కొన్నాం. అప్పటి గవర్నర్ దువ్వూరి సుబ్బారావు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో భౌతికశాస్త్రం చదివారు, 1972 సివిల్స్‌లో ప్రథమ ర్యాంకు తెచ్చుకున్నారు.

లండన్ మార్కెట్ కడ్డీకి కనీసం 995 స్వచ్ఛత ఉండాలి. ఆ ముద్ర ఉంటే ఏ దేశమైనా నమ్ముతుంది. మరి మామూలు ఇంట్లోని గొలుసుకు అలాంటి ముద్ర ఏది?

హాల్‌మార్క్ వచ్చాక

ఆ ముద్ర 2000లో బీఐఎస్ హాల్‌మార్క్‌గా వచ్చింది. 2021 జూన్ 16 నుంచి తొలి దశలో 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదన్నారు. రెండు గ్రాముల లోపు వస్తువులకు మినహాయింపు ఉంది.

తేడా గమనించండి. 1963లో ప్రభుత్వం స్వచ్ఛతను నిషేధించింది, 2000లో దానికి హామీ ఇచ్చింది. మొదటిది జనం నమ్మకానికి ఎదురెళ్లింది, రెండోది దాన్ని ఆధారం చేసుకుంది. అందుకే ఒకటి మూడేళ్లలో కూలిపోయింది, మరొకటి నిలబడింది.

అయినా రెండు లోట్లు మిగిలాయి. హాల్‌మార్క్ వన్నె చెబుతుంది గానీ తరుగు, మజూరీ న్యాయమా కాదా చెప్పదు. హెచ్‌యూఐడీతో దుకాణం, పరీక్షా కేంద్రం తెలుస్తాయి, నగ చేసిన చేతులు తెలియవు. 1963లో దెబ్బతిన్నదీ ఆ చేతులే. ముగింపులో ఈ మాట రాస్తే మీ సమాధానానికి మానవీయ కోణం వస్తుంది.

సాధన ప్రశ్న: బంగారు నియంత్రణ విధానాల వైఫల్యం నుంచి హాల్‌మార్కింగ్ ఏం నేర్చుకుంది? 250 పదాల్లో చర్చించండి.