హెడ్‌ఫోనుకి తగ్గ ఆంప్లిఫయరు, పాటకి తగ్గ హెడ్‌ఫోను

అపార్ట్‌మెంటు గోడలు పల్చన. పిల్లలు పడుకున్నాక గానీ మనకి తీరిక దొరకదు. అందుకే విదేశాల్లో ఉంటున్న మన సంగీతప్రియుల్లో చాలామంది స్పీకర్ల మోజు వదులుకుని మంచి హెడ్‌ఫోన్ల వైపు మళ్ళుతుంటారు. తీరా నాలుగైదు వందల డాలర్లు పోసి కొన్నదాన్ని ఫోనుకి తగిలిస్తే పాట నీరసంగా వినిపిస్తుంది. అక్కడినుంచి ఆంప్లిఫయర్ల వేట మొదలవుతుంది. ఈ వేటలో డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో తెలుసుకోవడానికి మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్న ఓమ్ సూత్రం చాలు.

చూడాల్సిన రెండు అంకెలు

హెడ్‌ఫోను పెట్టె మీద ఉండే అంకెల్లో మనకి కావలసినవి రెండే. మొదటిది ఇంపీడెన్సు, దీన్ని ఓమ్‌లలో చెప్తారు. రెండోది సెన్సిటివిటీ, అంటే ఇంత విద్యుత్తు ఇస్తే ఎంత శబ్దం వస్తుందన్నది. ఈ రెండోదాంట్లో ఒక తిరకాసు ఉంది. కొందరు ఒక మిల్లీవాటుకి ఇన్ని డెసిబెల్సు అంటారు, కొందరు ఒక వోల్టుకి ఇన్ని అంటారు. ఈ రెండూ ఒకటి కావు. పోల్చేముందు ఏదో ఒక కొలతలోకి మార్చుకోవాలి.

సంగీతంలో సగటు శబ్దం ఒక స్థాయిలో ఉంటే, మృదంగం దెబ్బ లాంటివి క్షణంపాటు దానికి 20 డెసిబెల్సు పైకి వెళ్ళొచ్చు. అందుకని క్షణికమైన శిఖరాలకి 110 డెసిబెల్సు అందేలా చూసుకుంటే ఎవరికైనా ఎక్కువే. ఈ లెక్కన మూడు హెడ్‌ఫోన్లని చూద్దాం.

సెన్‌హైజర్ హెచ్‌డి 650 (2003లో వచ్చింది): 300 ఓమ్‌లు, ఒక వోల్టుకి 103 డెసిబెల్సు. 110 చేరడానికి సుమారు 2.2 వోల్టులు, 7.5 మిల్లీఆంపియర్లు కావాలి. అంటే 17 మిల్లీవాట్లు.

గ్రాడో ఎస్ఆర్80 (పాత మోడళ్ళు): 32 ఓమ్‌లు, ఒక మిల్లీవాటుకి 98 డెసిబెల్సు. 110 చేరడానికి 0.7 వోల్టు, 22 మిల్లీఆంపియర్లు. అంటే 16 మిల్లీవాట్లు.

హైఫైమాన్ హెచ్ఈ-6 (ప్లేనార్ రకం): 50 ఓమ్‌లు, ఒక మిల్లీవాటుకి 83.5 డెసిబెల్సు. 110 చేరడానికి 4.7 వోల్టులు, 94 మిల్లీఆంపియర్లు. అంటే దాదాపు 450 మిల్లీవాట్లు.

మొదటి రెండింటినీ గమనించండి. రెండూ తినే పవరు ఇంచుమించు సమానం. కానీ సెన్‌హైజర్‌కి వోల్టేజి కావాలి, గ్రాడోకి ఆంపియర్లు కావాలి. "ఎక్కువ ఓమ్‌లుంటే ఎక్కువ పవరు కావాలి" అన్నమాట అందుకే సగం నిజం. ఇక 50 ఓమ్‌లే కదా అని హెచ్ఈ-6ని తేలిగ్గా తీసుకుంటే, దానికి రెండూ కావాలి, అదీ పుష్కలంగా.

ఇప్పుడు మీ దగ్గర ఉన్నదేమిటో చూసుకోండి. అమెరికాలో పది డాలర్ల లోపు దొరికే యాపిల్ యూఎస్‌బీ-సీ అడాప్టరు సుమారు ఒక వోల్టు ఇస్తుంది (యూరప్‌లో అమ్మేది అందులో దాదాపు సగమే). గ్రాడోకి ఆ ఒక్క వోల్టే చాలు. హెచ్‌డి 650 కూడా 103 దాకా వెళ్తుంది. నెమ్మదిగా వినేవారికి అది సరిపోవచ్చు, కచేరీ రికార్డింగు స్థాయి తక్కువగా ఉంటే చాలదు. హెచ్ఈ-6కి మాత్రం శిఖరాలు 96, 97 దగ్గరే ఆగిపోతాయి. దానికి గట్టి ఆంప్లిఫయరు తప్పదు.

మూడో అంకె: ఆంప్లిఫయరు లోపలి ఇంపీడెన్సు

ఆంప్లిఫయరుకి కూడా ఔట్‌పుట్ ఇంపీడెన్సు అని ఒకటి ఉంటుంది. హెడ్‌ఫోను ఇంపీడెన్సులో ఇది ఎనిమిదో వంతుకి మించకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. కారణం ఏమిటంటే, మామూలు డైనమిక్ హెడ్‌ఫోనుకి ఇంపీడెన్సు అన్ని స్థాయిల్లోనూ ఒకేలా ఉండదు. హెచ్‌డి 650కి పెట్టె మీద 300 అని రాసినా, బాస్ దగ్గర అది 500 ఓమ్‌ల దాకా పెరుగుతుంది. దాన్ని 120 ఓమ్‌ల ఆంప్లిఫయరుకి తగిలిస్తే బాస్ సుమారు ఒక డెసిబెల్ పెరుగుతుంది. అది కొందరికి నచ్చుతుంది కూడా. అదే ఆంప్లిఫయరుకి, 32 నుంచి బాస్ దగ్గర 64కి పెరిగే హెడ్‌ఫోను తగిలించారనుకోండి, బాస్ నాలుగు డెసిబెల్సు పైనే ఉబ్బిపోతుంది. అప్పుడు మీరు వింటున్నది హెడ్‌ఫోను తయారుచేసినవాడు అనుకున్న శబ్దం కాదు.

ట్యూబు ఆంప్లిఫయర్ల గురించిన వాదనల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మరు లేని ఓటీఎల్ రకం ట్యూబు ఆంప్లిఫయర్లకి ఔట్‌పుట్ ఇంపీడెన్సు ఎక్కువ, వోల్టేజి ఎక్కువ, ఆంపియర్లు తక్కువ. అందుకే అవి 300 ఓమ్‌ల సెన్‌హైజర్‌కో, 600 ఓమ్‌ల బేయర్‌డైనమిక్ డీటీ 880కో చక్కగా నప్పుతాయి. గ్రాడోకి నప్పవు. ప్లేనార్ రకాలకి ఇంపీడెన్సు అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి శబ్దం తీరు మారదు గానీ, కావలసిన ఆంపియర్లు అందవు. మిగతా అందరికీ వంద, నూటయాభై డాలర్ల తరగతిలోని ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు సరిపోతుంది. వాటిల్లో మంచివాటి దోషాలు చెవికి అందనంత తక్కువ. వెయ్యి డాలర్లది కొంటే అందం, నాణ్యమైన నాబ్, మరిన్ని కనెక్షన్లు వస్తాయి. పాట పదింతలు బాగుండదు.

స్టాక్స్ వంటి ఎలక్ట్రోస్టాటిక్ రకాల సంగతి వేరు. వాటికి 580 వోల్టుల బయాస్ ఇచ్చే ప్రత్యేకమైన ఆంప్లిఫయరు కావాలి. మామూలువాటికి తగిలించడం కుదరదు.

మీరు వినే పాటని బట్టి

ఆంప్లిఫయరు కన్నా హెడ్‌ఫోను ఎంపికే శబ్దాన్ని ఎక్కువగా మారుస్తుంది. కాబట్టి ముందు మీరు రోజూ వినేదేమిటో నిజాయితీగా లెక్క వేసుకోండి.

ఘంటసాల, సుశీల, లీల కాలం నాటి పాటలు: 1950, 60ల సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో. హెడ్‌ఫోనులో మోనో పాట సరిగ్గా తల మధ్యలో వినిపిస్తుంది. విశాలమైన సౌండ్‌స్టేజి కోసం అదనంగా పెట్టిన డబ్బు ఇక్కడ వృథా. ఆ రికార్డింగుల ప్రాణమంతా గొంతులో, అంటే మధ్య స్థాయిలో ఉంది. హెచ్‌డి 600, 650 లాంటివి దీనికి పెట్టింది పేరు. డీటీ 990 లాగా పై స్థాయి ఎత్తిపెట్టి ఉండేవైతే, టేపు బుసనీ, స, ష అక్షరాలనీ ముందుకు తోస్తాయి. కృత్రిమంగా స్టీరియో చేసిన ప్రతులకన్నా అసలు మోనో ప్రతినే వెతుక్కోండి.

కర్ణాటక సంగీతం: తంబురా జీవాళి, వయొలిన్ పై స్వరాలు, వీణ గమకం, మృదంగం ఎడమవైపు రవ్వముద్ద అంటించిన తొప్పి నాదం, ఇవన్నీ కలిసి వినబడాలి. వెనక తెరిచి ఉండే ఓపెన్‌బాక్ రకం దీనికి అనువు. ఏకేజీ కే701, 702 ఎడం బాగా చూపిస్తాయి గానీ, బాస్ పల్చన కావడంతో తొప్పికి నిండుదనం తగ్గుతుంది. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వీణ వినేవారికి మధ్య స్థాయి నిండుగా ఉన్నవే మేలు.

ఇళయరాజా, ఆ తరవాత: ఎనభైల పాటల్లో బేస్ గిటారు ఒక విడి పాటలా నడుస్తుంది. 1992లో వచ్చిన రోజా తరవాత కింది స్థాయి ఇంకా లోతుకి పోయింది. ఆ లోతు తగ్గకుండా వినిపించడం ప్లేనార్ రకాల గొప్పదనం. ఆఫీసులోనో, రైలులోనో వినాలంటే మాత్రం మూసి ఉండే క్లోజ్డ్‌బాక్ తప్పదు.

అన్నీ వినేవారికి ఒక మాట. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లని కొలిచి చూస్తే, ధరకీ ఫ్రీక్వెన్సీ రెస్పాన్సుకీ పొంతన కనబడలేదు. ఆంప్లిఫయరు మార్చేముందు కంప్యూటర్లో ఈక్వలైజరు వాడి చూడండి. పైసా ఖర్చు లేదు.

ఇండియాకి తీసుకెళ్ళేవారికి

అమెరికాలో కొన్న ఆంప్లిఫయరు 120 వోల్టులది కావచ్చు. మనవైపు 230. వెనక వోల్టేజి మార్చే స్విచ్ ఉందా, అడాప్టరు మీద 100-240 అని ఉందా చూసుకోండి. కొన్ని ఆంప్లిఫయర్లకి ఏసీ నుంచి ఏసీకి మార్చే బరువైన అడాప్టరు వస్తుంది. అది ఒక్క వోల్టేజికే పనిచేస్తుంది. ప్లగ్గు మార్చి గుచ్చితే ఆ అడాప్టరు కాలిపోతుంది.

అన్నిటికన్నా ఖరీదైనది

చెవి లోపలి సన్నని కేశకణాలు చస్తే మళ్ళీ మొలవవు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ లెక్కన 85 డెసిబెల్సు దగ్గర రోజుకి 8 గంటలు పరిమితి. మూడు డెసిబెల్సు పెరిగిన ప్రతిసారీ వ్యవధి సగమవుతుంది: 88కి 4 గంటలు, 94కి ఒక గంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా జాగ్రత్తగా, పెద్దవాళ్ళకి 80 డెసిబెల్సు దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలకి 75 దగ్గర అంతే అంటుంది.

ఇంకో లెక్క చెప్పి ముగిస్తాను. హెచ్ఈ-6కి సరిపడేలా తిప్పి ఉంచిన నాబ్‌ని అలాగే వదిలి గ్రాడో తగిలిస్తే, అదే 4.7 వోల్టులకి శిఖరాలు 126 డెసిబెల్సు దాకా పోతాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. హెడ్‌ఫోను మార్చిన ప్రతిసారీ ముందు నాబ్‌ని సున్నాకి తిప్పండి, తరవాత జాక్ గుచ్చండి, ఆ తరవాతే తలకి పెట్టుకోండి. ఇంట్లో పిల్లలుంటే ఈ వరస వాళ్ళకీ నేర్పండి.