వాద్య నిర్మాణంలో హస్తకౌశలం, యంత్రోత్పత్తి: సారపాక నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

కీలకపదాలు: సారపాక, బొబ్బిలి వీణ, ఎలక్ట్రిక్ గిటార్, మాండొలిన్, హస్తకళ, యంత్రోత్పత్తి.

ఉపోద్ఘాతం:
గోదావరి వంతెనకు ఒకవైపు భద్రాచలం, మరొకవైపు సారపాక. 1979లో సారపాకలో ఉత్పత్తి ప్రారంభించిన కాగితపు పరిశ్రమకు కావలసింది ఒకే స్వభావం గల కర్ర. ఆ అవసరం నుంచే 1980ల చివర మేలైన జామాయిల్ చెట్లను ఎంపిక చేసి, వాటి కొమ్మల కత్తిరింపులతో క్లోన్ మొక్కలను పెంచే పద్ధతి మొదలైంది. అవి ‘భద్రాచలం క్లోన్లు’గా ప్రసిద్ధి పొందాయి. ఇదే ప్రాంతంలో కొమ్ముకోయల డోలు మరొక సంప్రదాయానికి చెందింది. ఆ డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథలను గానం చేసిన మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. పరిశ్రమ దృష్టిలో కర్రలోని తేడా ఒక లోపం. వాద్యకారుడి దృష్టిలో ఆ తేడాయే నాదం. ఈ రెండు దృష్టుల మధ్య సంబంధాన్ని వాద్య నిర్మాణ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. బొబ్బిలి వీణ - కర్రను బట్టి నిర్ణయం:
బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లి వీణల తయారీకి ప్రసిద్ధం. పనసకర్రతో చేసే ఈ వీణల్లో ఏకాండి వీణ విశిష్టమైనది. కుండను, దండిని వేరువేరుగా చేసి అతకకుండా ఒకే దుంగ నుంచి తొలుస్తారు. దుంగలో ఒకచోట దోషం బయటపడితే వాద్యమంతా ప్రమాదంలో పడుతుంది. దండిపై మైనం పరచి, 24 మెట్లను చెవితో శ్రుతి సరిచూస్తూ అమర్చుతారు.
మెట్ల అమరిక తెలుగు లక్షణకారులకు పూర్వమే శాస్త్రచర్చనీయాంశం. 1550 నాటి ‘స్వరమేళకళానిధి’లో రామామాత్యుడు వీణ మెట్ల స్థానాలను చర్చించాడు. 24 స్థిరమైన మెట్లున్న నేటి వీణారూపం 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథనాయకుని కాలంలో ఏర్పడిందని సంప్రదాయం చెబుతుంది. ప్రమాణీకరణ అనే భావన యంత్రంతోనే పుట్టలేదని ఇందువల్ల స్పష్టమవుతుంది. ప్రమాణం శాస్త్రంలో ఉంది. దానిని ప్రతి కర్రకూ అన్వయించే బాధ్యత మాత్రం చేతికే మిగిలింది.

2. ఎలక్ట్రిక్ గిటార్ - ముందే జరిగిన నిర్ణయం:
అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫుల్లర్టన్‌కు చెందిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే వ్యక్తి. 1950లో ఆయన సంస్థ విడుదల చేసిన గిటార్‌లో బోలు కుండ లేదు. తీగల కంపనాన్ని అయస్కాంత పికప్ విద్యుత్సంకేతంగా మార్చుతుంది. నాదం ప్రధానంగా కర్ర బోలుపై ఆధారపడనందున నిర్మాణం సులభమైంది. మెడను, దేహాన్ని వేరువేరుగా కోసి మరలతో బిగించారు. చెడిన భాగాన్ని మార్చుకోవచ్చు. 1951లో వచ్చిన బేస్ గిటార్‌కు ‘ప్రెసిషన్’ అని పేరు పెట్టడంలో మెట్లవల్ల స్వరస్థానం కచ్చితంగా పలుకుతుందన్న భావం ఉంది. మెట్లు లేని పెద్ద బేస్ వాద్యంలో వాదకుని చెవి చేసే పనిలో కొంత భాగాన్ని ఇక్కడ నిర్మాణమే స్వీకరించింది.
1965లో ఈ సంస్థను సీబీఎస్ కొనుగోలు చేసింది. ఆ తర్వాతి కాలపు వాద్యాల నాణ్యతపై వాదకుల్లో అసంతృప్తి పెరిగి, పూర్వపు గిటార్లకు గిరాకీ ఏర్పడింది. 1987లో అదే ఫెండర్ పేరుతో ప్రత్యేక హస్తనిర్మాణ విభాగం మొదలైంది. యంత్రోత్పత్తితో ఎదిగిన సంస్థ చేతిపనిని అధిక విలువగల సరుకుగా మళ్లీ ముందుకు తేవడం గమనార్హం.

3. తెలుగువారి సమన్వయం:
పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ ఈ చరిత్రలో కీలకమైన ఉదాహరణ. పాశ్చాత్య మాండొలిన్‌కు జంటలుగా 8 తీగలుంటాయి. జంట తీగలను లాగి గమకం పలికించడం కష్టం. నాదమూ త్వరగా ఆగిపోతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను స్వీకరించి 5 ఒంటి తీగలకు మార్చుకొన్నాడు. విద్యుత్తు నాదాన్ని నిలిపింది. ఒంటి తీగ గమకానికి దారి ఇచ్చింది. పరాయి వాద్యరూపం కర్ణాటక సంగీత అవసరానికి లొంగింది.

4. పరిశీలన:
చేతిపని, యంత్రపని అనే విభజన పరికరాలనుబట్టి నిలవదు. ఫెండర్ కార్మికులూ చేతులతోనే గిటార్లను నునుపు చేశారు. డేవిడ్ పై 1968లో ప్రతిపాదించినట్లు, ఫలితం పని జరుగుతున్నంతసేపూ ప్రమాదంలో ఉండే పని ఒకటి. ఫలితం ముందే నిశ్చయమైన పని మరొకటి. ఏకాండి వీణ మొదటి కోవకు, మరలతో బిగించే గిటార్ రెండవ కోవకు దగ్గర. గొల్లపల్లిలో నేడు బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలు కూడా తయారవుతున్నాయి. అవి కచేరీలో పలికేవి కావు. అయినా కళాకారుల జీవనానికి అవీ ఆధారం. అయితే చెవితో శ్రుతి సరిచూసే నైపుణ్యం వాటివల్ల తరువాతి తరానికి చేరదు.

ముగింపు:
బొబ్బిలి వీణకు లభించిన భౌగోళిక గుర్తింపు పేరును రక్షిస్తుంది. కర్రను తట్టి విని నిర్ణయించే జ్ఞానాన్ని రక్షించడానికి అది చాలదు. ఆ జ్ఞానం గ్రంథస్థం కాలేదు. గురువు పక్కన కూర్చున్న శిష్యుని చేతిలోనే ఉంది. సారపాక పరిసరాల డోలుకూ ఇదే వర్తిస్తుంది. కోయ పాటలను, కథలను సేకరించే పరిశోధకులు వాటితోపాటు కర్ర ఎంపిక, తోలు బిగింపు, పనిముట్ల పేర్లు, పనివారి మాటలను కూడా నమోదు చేయాలి. కథ దొరికి, దానిని పలికించిన డోలు తయారీ తెలియకపోతే ఆ సేకరణ అసంపూర్ణమే అవుతుంది.