జొన్న దారిలో నైజీరియా బీరు పరిశ్రమ

కర్మాగారాలు రాకమునుపే పశ్చిమ ఆఫ్రికాలో జొన్నను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి దంచి, ఆ పిండిని ఉడికించి పులియబెట్టే విద్య ఉండేది. బురుకుటు, పిటో అనే ఆ పానీయాలను ప్రధానంగా స్త్రీలే తయారుచేసేవారు. అవి కొద్ది రోజులకే పాడయ్యేవి గనుక వాటి వ్యాపారం చుట్టుపక్కల సంతలకే పరిమితమైంది. నెలల తరబడి నిలిచే లాగర్ బీరు, అంటే చల్లని వాతావరణంలో నెమ్మదిగా పులియబెట్టిన బార్లీ పానీయం, వలసపాలన కాలంలో ఐరోపా నుంచి సీసాల్లో దిగుమతి అయ్యేది.

యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ, డచ్ సంస్థ హైనెకెన్ కలిసి 1946లో నైజీరియన్ బ్రూవరీస్‌ను స్థాపించగా, 1949 జూన్‌లో లాగోస్ కర్మాగారం నుంచి 'స్టార్' బీరు తొలి సీసా వెలువడింది. 1957లో అబాలో, 1963లో కడూనాలో కొత్త కర్మాగారాలు వెలిశాయి. 1970లలో చమురు ఆదాయంతో నగరాల కొనుగోలు శక్తి పెరగడంతో రాష్ట్ర ప్రభుత్వాలు కూడా ఈ రంగంలో పెట్టుబడులు పెట్టాయి. అయితే బీరుకు మూలమైన మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, విదేశాల నుంచే రావలసి ఉండేది.

1980లలో చమురు ధరలు కూలి విదేశీ మారకద్రవ్యం కరవైనప్పుడు ఈ పరాధీనత బయటపడింది. 1988లో ప్రభుత్వం బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధించడంతో కంపెనీలు జొన్న, మొక్కజొన్నల వైపు మళ్లక తప్పలేదు. ఆ మార్పు సులభమైనది కాదు: జొన్నలోని పిండిపదార్థం మెత్తబడడానికి బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి, దాన్ని చక్కెరగా మార్చే సహజ ఎంజైములు అందులో తక్కువ, వడపోతకు తోడ్పడే పొట్టు కూడా బార్లీకి ఉన్నట్టుగా దానికి ఉండదు. అందువల్ల వడపోత యంత్రాలు మార్చి, బయటి ఎంజైములు కలపవలసివచ్చింది.

1990ల చివరలో నిషేధం తొలగినా, జొన్న కర్మాగారాలను వీడలేదు. నైజీరియా వెలుపల కూడా జొన్న బీరుకు ఆదరణ దొరికింది: 2002లో ఉగాండాలోని నైల్ బ్రూవరీస్, స్థానిక ఎపురిపుర్ జొన్నతో 'ఈగిల్ లాగర్'ను విడుదల చేసినప్పుడు, ప్రభుత్వం పన్ను తగ్గించి ప్రోత్సహించింది.

చిన్న రైతుకు స్థిరమైన కొనుగోలుదారు దొరకడం ఈ మార్పు ఇచ్చిన మేలైతే, ఎంజైముల దిగుమతి ఆ స్వావలంబనకు హద్దు గీసింది. పైగా జొన్నను పానీయంగా మలిచే విద్యను తరతరాలుగా నిలిపిన స్త్రీలు ఈ లాభంలో భాగస్వాములు కాలేదు. కర్మాగారం ధాన్యాన్ని స్వీకరించింది గానీ, దాన్ని తొలుత మొలకెత్తించిన చేతులను కాదు.