ముఖానికి గుడ్డ, గదికి గాలి

2020 తరువాత మన మధ్య మిగిలిపోయిన వివాదాలలో మాస్కు వివాదం ఒకటి. ముక్కూ నోరూ కప్పుకునే గుడ్డ గాలిద్వారా వ్యాపించే వైరస్‌ను ఆపుతుందా, ఆపదా? ఈ ప్రశ్నకు చదువుకున్నవారిలో రెండు జవాబులు వినిపిస్తాయి. మాస్కు పెట్టుకోని జనమే వ్యాధిని ఊరంతా అంటించారని కొందరంటారు. మాస్కువల్ల ఒరిగిందేమీ లేదు, అది ప్రభుత్వాలు జనాన్ని లొంగదీసుకోవడానికి తగిలించిన కళ్ళెం మాత్రమేనని మరికొందరంటారు. ఈ రెండవ మాట అభ్యుదయవాదుల నోట కూడా వినవస్తున్నది గనుక దాన్ని ఉపేక్షించడానికి వీలులేదు. రెండు జవాబులూ తప్పేననీ, అసలు ప్రశ్న వేసిన తీరులోనే లోపం ఉందనీ నా అభిప్రాయం. కాస్త చరిత్ర తిరగేస్తే ఈ సంగతి బోధపడుతుంది. అందుకోసం దూరం పోనక్కరలేదు. కవాడిగూడ చుట్టుపక్కల నాలుగైదు మైళ్ళలోనే మొదటి సాక్ష్యాలు దొరుకుతాయి.

నల్లకుంటలోని జ్వరాల ఆస్పత్రిని నగర జనం నేటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. అంటురోగులను వేరుగా ఉంచడానికి నిజాం కాలంలో, 1915లో మొదలైన సంస్థ అది. 'కోరంటి' అన్న మాట 'క్వారంటైన్'కు మన జనం చేసుకున్న రూపం. దాని పుట్టుక ఇటలీ రేవుపట్టణాలలో ఉంది. ప్లేగు కాలంలో వచ్చిన ఓడలను నలభై రోజులు ఒడ్డుకు రానీయకుండా నిలిపేవారు. ఆ 'నలభై'యే ఈ మాటకు మూలం. ఆస్పత్రికి పెట్టిన అసలు పేరు మాత్రం రొనాల్డు రాస్‌ది. ఆయన 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని గుర్తించాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకుని, తన ఒంటిమీద దోమలను కుట్టనిచ్చాడు. శాస్త్రచరిత్ర రాసేటప్పుడు ఆ అణాల లెక్క కూడా రాయడం న్యాయం.

'మలేరియా' అన్నది కూడా ఇటలీ మాటే. దాని అర్థం చెడుగాలి. 'గాలి సోకింది', 'గాలి తగిలింది' అని మనవాళ్ళు అన్నట్టే, బురదనేలల చెడుగాలివల్ల ఈ జ్వరం వస్తుందని శతాబ్దాలుగా ఐరోపావారూ నమ్మారు. అది గాలివల్ల కాదు, దోమవల్ల అని రాస్ పరిశోధన తేల్చింది. కలరా నీటివల్ల వస్తుందని అంతకుముందే తేలింది. ఇవి మహత్తర విజయాలు. కాని విజయానికి కూడా ఒక మూఢత్వం వెన్నంటి వస్తుంది. వ్యాధి గాలిలో వస్తుందన్న మాటే పాతకాలపు మూఢనమ్మకమన్న భావం వైద్యలోకంలో స్థిరపడింది. అమెరికా ప్రజారోగ్య నిపుణుడు చార్లెస్ చాపిన్ 1910లో వెలువరించిన గ్రంథం దీనికి సిద్ధాంతబలం సమకూర్చింది. రోగాలు ప్రధానంగా దగ్గరి స్పర్శవల్లా, దగ్గు తుంపరలవల్లా అంటుతాయి గాని గాలిలో దూరం ప్రయాణించి అంటడం అరుదని ఆయన వాదం. 1930లలో విలియం వెల్స్ అనే శాస్త్రజ్ఞుడు, నోటినుంచి వెలువడే సన్నని తుంపరలు ఆరిపోయి గంటలతరబడి గాలిలో తేలుతాయని చూపించాడు. క్షయ, తట్టు వంటి కొన్ని వ్యాధుల విషయంలో తప్ప ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ.

ఈ పాత తగాదా 2020లో కోట్లమంది ప్రాణాలమీదికి వచ్చింది. ఆ మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలిద్వారా వ్యాపించేది కాదని కచ్చితంగా ప్రకటించింది. సామాన్య జనం మాస్కు ధరించాలని జూన్ 5న గాని సలహా ఇవ్వలేదు. జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు గాలిద్వారా వ్యాప్తిని గుర్తించమని బహిరంగలేఖ రాయవలసి వచ్చింది. ఆ సంస్థ తన వివరణలో ఈ సంగతిని స్పష్టంగా చేర్చేసరికి 2021 ఏప్రిల్ ఆఖరు. అప్పటికి మన దేశంలో రెండవ ఉప్పెన శ్మశానాలను నింపుతున్నది. మన హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చండీగఢ్ సహచరులతో కలిసి హైదరాబాదు, మొహాలీ ఆస్పత్రులలో గాలిని పట్టి పరీక్షించారు. రోగులున్న చోట గాలిలో వైరస్ జాడ తరచు దొరికింది. గదిలో రోగుల సంఖ్య పెరిగినకొద్దీ అది దొరికే అవకాశమూ పెరిగింది.

ఈ ఆలస్యానికి మూల్యం ఏమిటి? జనం కూరగాయలను సబ్బుతో కడిగారు. మునిసిపాలిటీలు రోడ్లమీద మందునీళ్ళు చల్లాయి. కిటికీ తెరవండని గట్టిగా చెప్పినవారు మాత్రం తక్కువ. వ్యాధి స్పర్శవల్ల వస్తుందంటే చేతులు కడుక్కోవడం ఎవరి పూచీ వారిది. గాలివల్ల వస్తుందంటే ఆ గది ఎవరిది, అందులో ఎందరిని కుక్కారు, గవాక్షం ఎందుకు లేదు అన్న ప్రశ్నలు లేస్తాయి. మొదటి సిద్ధాంతం యజమానులకూ ప్రభుత్వాలకూ చౌక. అందుకే ఆ సిద్ధాంతం పుట్టిందని నేననడం లేదు. పుట్టిన సిద్ధాంతం అంతకాలం నిలబడడానికి ఈ చౌకదనం తోడ్పడిందని మాత్రం అనవచ్చు.

ఇక మాస్కు సంగతి. 1910 శీతాకాలంలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగింది. అది వైరస్ కాదు, బాక్టీరియా. కాని శ్వాసద్వారా అంటే జబ్బు. పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన యువవైద్యుడు వూ లియెన్‌తే, ఇది శ్వాసద్వారానే అంటుతున్నదని గ్రహించి, పలచటి గుడ్డ పొరల మధ్య దూదిపెట్టి మాస్కులు కుట్టించాడు. ఆయన మాట లెక్కచేయని ఫ్రెంచి వైద్యుడు మెనీ మాస్కు లేకుండా రోగులను పరీక్షించి, కొద్దిరోజులలోనే ఆ ప్లేగుతోనే చనిపోయాడు. సుమారు అరవై వేలమందిని బలిగొన్న ఆ వ్యాధి 1911 వసంతానికి అణిగింది. అయితే వూ మాస్కు ఒక్కదాన్నే నమ్ముకోలేదు. రోగులను వేరుచేశాడు, రైలు ప్రయాణాలను అదుపు చేయించాడు, శవాలను దహనం చేయించాడు.

1918 ఇన్‌ఫ్లుయెంజా నాటి అనుభవం వేరు. మన దేశంలో కోటికి పైగా జనం నేలకూలిన ఆ సంవత్సరమే సాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్కును చట్టం చేసింది. పెట్టుకోనివారికి జరిమానాలు వేసి, జైలుకు పంపారు. 1919 జనవరిలో అక్కడ మాస్కు వ్యతిరేక సంఘమే వెలిసింది. ఇంతా చేసి, 1920లో కాలిఫోర్నియా ఆరోగ్యశాఖకు చెందిన కెలాగ్ ప్రయోగాలు చేసి, పలచటి జాలిగుడ్డ మాస్కులు అంటువ్యాధిని ఆపలేదని రాశాడు. ఆయన చెప్పిన కారణం గమనించదగ్గది. తుంపరలను ఆపేటంత మందంగా పొరలు పెడితే ఊపిరాడదు, ఊపిరి బలవంతాన అంచుల సందుల్లోంచి తప్పించుకుపోతుంది. అంటే లోపం మాస్కు అనే ఆలోచనలో లేదు. ఆ గుడ్డలో ఉంది, అది ముఖానికి అతికిన తీరులో ఉంది.

నూరేళ్ళ తరువాత జరిగిన పరిశోధనలు కూడా ఇంచుమించు ఈ మాటే చెబుతున్నాయి. రోగి శ్వాసలోని సన్నని తుంపరలు మూసిన గదిలో అగరుబత్తి పొగలాగా వ్యాపిస్తాయి. వాటిని పట్టే శక్తి గుడ్డగుడ్డకూ మారుతుంది. 0.3 మైక్రాన్ల కణాలలో నూటికి తొంభైఅయిదుకు తగ్గకుండా ఆపేది ఎన్-95. అదికూడా ముఖానికి సందులేకుండా అతికినప్పుడే. హనోయి ఆస్పత్రులలో 1,607 మంది సిబ్బందిమీద జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, వైద్యమాస్కులు ధరించినవారికంటె గుడ్డ మాస్కులు ధరించినవారికే ఎక్కువ జబ్బు చేసింది. 2020 చివరినుంచి 2021 ఏప్రిల్ వరకు బంగ్లాదేశ్‌లో 600 గ్రామాలలో, మూడు లక్షలకు పైగా వయోజనులమీద పెద్ద పరిశీలన జరిగింది. మాస్కులు ఉచితంగా పంచి, నచ్చజెప్పిన గ్రామాలలో సరిగా ధరించేవారు నూటికి 13 నుంచి 42కు పెరిగారు. అంతమాత్రానికే లక్షణాలతో కూడిన కోవిడ్ నూటికి 9 పాళ్ళకు పైగా తగ్గింది. వైద్యమాస్కులు పంచిన గ్రామాలలో 11 పాళ్ళు, అక్కడే అరవై దాటిన వృద్ధులలో 35 పాళ్ళు తగ్గింది. గుడ్డ మాస్కుల ఫలితం మాత్రం స్పష్టంగా తేలలేదు.

ఎదుటి పక్షంవారు డెన్మార్కు పరిశోధన చూపుతారు. 2020 వసంతంలో మాస్కు సలహా ఇచ్చినవారిలో నూటికి 1.8, ఇవ్వనివారిలో 2.1 మందికి వ్యాధి సోకింది. ఈ తేడాను బట్టి ఏదీ తేల్చిచెప్పలేము. అయితే అది ధరించినవాడికి కలిగే రక్షణను మాత్రమే కొలిచింది. ధరించిన రోగినుంచి ఇతరులకు కలిగే రక్షణను కొలవలేదు. 2023లో కొక్రేన్ సంస్థవారి సమీక్ష మాస్కుల పనికిమాలినతనాన్ని రుజువు చేసిందని ప్రచారం జరిగింది. ఆ అర్థం సరికాదనీ, తమ సమీక్షనుబట్టి ఏదీ నిశ్చయంగా చెప్పలేమనీ ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే మార్చిలో వివరణ ఇచ్చింది. మాస్కు ధరించమని చెప్పడంవల్ల కలిగే ఫలితం వేరు, ధరించడంవల్ల కలిగే ఫలితం వేరు. పాఠం చెప్పడమూ విద్యార్థి నేర్చుకోవడమూ ఒకటి కావని ఉపాధ్యాయులకు వేరే చెప్పాలా?

కాబట్టి తేలినదేమిటి? మాస్కు పనిచేస్తుంది. మంచి మాస్కు బాగా పనిచేస్తుంది, నాసి మాస్కు నాసిగా పనిచేస్తుంది. ఏదీ ఒంటరిగా మహమ్మారిని ఆపదు. ఈ నిజాన్ని మన పాలకులు ఎలా అమలుపరిచారన్నది అసలు విచారించవలసిన విషయం.

2020 ఏప్రిల్‌లో తెలంగాణలో మాస్కు తప్పనిసరి అయింది. తరువాత లేనివారికి వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. అది రోజుకూలీ ఒకనాటి సంపాదనను మించిన మొత్తం. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు చొప్పున పదహారు కోట్ల మాస్కులు పంచుతామని ప్రకటించి, స్వయం సహాయక సంఘాల స్త్రీలచేత గుడ్డ మాస్కులు కుట్టించారు. జరిమానాకంటె అది మెరుగైన మార్గం, సందేహం లేదు. కాని ఆ రాష్ట్రంలోనే, ఆ నెలలోనే, నర్సీపట్నం ఆస్పత్రిలో మత్తువైద్యుడు డాక్టర్ సుధాకర్, సిబ్బందికి ఎన్-95 మాస్కులు ఇవ్వడం లేదని బయటపెట్టినందుకు సస్పెండయ్యాడు. మే నెలలో విశాఖపట్నం నడిరోడ్డుమీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచికట్టిన దృశ్యం దేశమంతా చూసింది. హైకోర్టు సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది. మరుసటి ఏడు మేలో ఆయన గుండెపోటుతో చనిపోయాడు. 2020 జూలైలో చీరాలలో మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు తలకు తగిలిన గాయాలతో గుంటూరు ఆస్పత్రిలో మరణించాడు. పోలీసులు కొట్టి చంపారని కుటుంబం ఆరోపించింది. జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు. ఎస్సై సస్పెండయ్యాడు.

మాస్కు అడిగిన దళిత వైద్యుడికీ శిక్షే, మాస్కు లేని దళిత యువకుడికీ శిక్షే. ఈ రెండు సంఘటనలూ చూసి మాస్కు అంటేనే అసహ్యించుకునేవారి ఆగ్రహం నాకు అర్థమవుతుంది. కాని వారి తర్కం అర్థం కాదు. డాక్టర్ సుధాకర్ అడిగింది మాస్కునే గదా! మాస్కు వట్టి మోసమైతే ఆయన పోరాటం కూడా వట్టిదే కావాలి. పోలీసు చెప్పినంతమాత్రాన నిజం అబద్ధం కాదు. అది నిజమైనంతమాత్రాన లాఠీకి న్యాయం చేకూరదు.

శ్రామికులకు ఈ గాలి సమస్య కొత్తది కాదు. లోయర్ ట్యాంకుబండు పక్కన, ఏనాడో మూతపడిన దివాన్ బహద్దూర్ రాంగోపాల్ మిల్లు గోడలు కవాడిగూడ వారందరూ ఎరిగినవే. నూలుమిల్లులలో దూదిధూళి పీల్చిన కార్మికులకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు వైద్యశాస్త్రంలో బిసినోసిస్ అని పేరే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం దీనికి విరుగుడుగా కార్మికుడి ముఖానికి గుడ్డ కట్టి ఊరుకోలేదు. ధూళి పుట్టేచోటుకు వీలైనంత దగ్గరలోనే దాన్ని బయటికి లాగివేసే సాధనం పెట్టాలన్నది. పనిగదిలో గాలి ఆడాలన్నది. కొత్తగా కట్టే ఫ్యాక్టరీలో తలకు 500 ఘనపుటడుగుల జాగా ఉండాలన్నది. అది ఎంతవరకు అమలైందన్నది వేరే చర్చ. కాని గాలి కార్మికుడి సొంత పూచీ కాదు, యజమాని బాధ్యత అన్న సూత్రం కాగితంమీదనైనా ఒప్పుకోక తప్పలేదు. అంతకుముందు, 1912లో ఏర్పడిన హైదరాబాదు నగరాభివృద్ధి బోర్డు కూడా ఇరుకు వాడలను విప్పి, వీధులు వెడల్పుచేసి, ఇళ్ళకు గాలీ వెలుతురూ అందించడం ప్రభుత్వపు పని అని ఒప్పుకున్నదే.

ఆ సూత్రాన్ని ఇప్పుడు అశోక్‌నగర్‌కు అన్వయించి చూడండి. ఉద్యోగ పరీక్షలకోసం జిల్లాలనుంచి వచ్చిన యువకులు ఒక్క గదిలో ముగ్గురు నలుగురుగా సర్దుకుంటారు. కిటికీలు మూసి చల్లయంత్రం నడిపే కోచింగు హాళ్ళలో భుజాలు రాసుకుంటూ గంటలకొద్దీ కూర్చుంటారు. ఆ గదిలో మనిషికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని అడిగేవారు ఎవరూ లేరు. రేపు మరో శ్వాసరోగం వస్తే వారికి అందే ఉపదేశం మళ్ళీ మాస్కు పెట్టుకోమనే. పెట్టుకోవలసిందే. కాని అన్నం తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ మాస్కు ఉండదు, గది మాత్రం అదే ఉంటుంది.

నాటి మాస్కు నిబంధనలు ఇప్పుడు అమలులో లేవు. మహమ్మారి మళ్ళీ రాకముందే కొన్ని కోర్కెలను మన సంఘాలు ఎత్తుకోవాలి. తరగతిగదులకూ హాస్టళ్ళకూ గాలి, జాగాల విషయంలో కచ్చితమైన ప్రమాణాలు కావాలి. డాక్టరుకే కాక నర్సుకూ, వార్డుబాయికీ, సఫాయి కార్మికురాలికీ ఎన్-95 మాస్కులు ఆస్పత్రిలో ముందుగానే నిలవ ఉండాలి. జనానికి మంచి మాస్కులు ఉచితంగా పంచాలి, జరిమానా ఉండరాదు. జబ్బుపడినవాడు పనికి రాకుండా ఇంట్లో ఉండడానికి కూలి నష్టపోని సెలవు కావాలి. మాస్కు పనిచేస్తుందా అని అడిగేవారికి, పనిచేస్తుందనే చెబుదాం. చెప్పి, ఈ జాబితాను కూడా వారి చేతికిద్దాం.