బియ్యపు పైపొర: బెరిబెరి చరిత్ర

పోర్టు బ్లెయరు నుండి వాయవ్యముగా బంగాళాఖాతమును దాటినచో ఉత్తర సర్కారుల తీరము. ఆగ్నేయముగా సాగినచో జావా ద్వీపము. రెండు చోట్లను అన్నమే ప్రధానాహారము. బెరిబెరి వ్యాధి చరిత్రలోని ముఖ్య ఘట్టములు పెక్కు ఈ రెండు తీరములకును చెందినవే.

కాళ్ళు తిమ్మిరెక్కి, పాదములు వాచి, ఆయాసము పెరిగి, తుదకు గుండె ఆగిపోవుట దీని లక్షణము. మద్రాసు సైనిక వైద్యుడు మాల్కంసన్ 1835లో దీనిపై ఒక గ్రంథమును ప్రకటించెను. సర్కారు జిల్లాలలో నీ వ్యాధి మెండని యాతడు గుర్తించెను గాని, కారణము మాత్రము చిక్కలేదు.

కారణము జావాలో కోళ్ళ వలన బయటపడినది. బటేవియాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్, సైనికాసుపత్రి వంటశాలలోని తెల్ల యన్నము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటను చూచెను. క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల యన్నము కోళ్ళకేలయని మానిపించి ముతక బియ్యము వేయించగా నవి కోలుకొనెను! 1896లో ఇచ్చట సెల్యులర్ జైలు కట్టడము మొదలైనది; ఆ కాలముననే జావా కారాగారములను ఫోర్డర్‌మన్ పరిశీలించెను. తెల్ల బియ్యము పెట్టిన చెరసాలలలో 39 మందికొకరికి బెరిబెరి. పైపొర నిలిచిన బియ్యము పెట్టినచోట పదివేలమందికి ఒక్కరైనను లేరు. ఐక్‌మన్ తొలుత బియ్యపు పిండిలో విషము కలదని భ్రమపడెను. కొరతయే మూలమని 1901లో తేల్చినవాడు గ్రైన్స్. 1929 నోబెల్ బహుమానము ఐక్‌మన్‌కు, హాప్‌కిన్సుకు దక్కినది. గ్రైన్స్ పేరు వినవచ్చుట యరుదు. ఇది న్యాయమని తోచదు.

ఆ కొరవడిన పదార్థమే థయమిన్, అనగా బి1 విటమిను. 1926లో జావాలోనే యాన్సెన్, డొనాత్ అనువారు దానిని తవుడు నుండి వేరుచేసిరి. దేహము దీనిని కొద్దివారములకు మించి నిలువచేసుకొనజాలదు. బియ్యము పలుమార్లు కడిగి, గంజి వార్చినచో మరికొంత పోవును. మన యిండ్లలో తవుడును, కడుగును కుడితిగా గేదెకు చేరెడివి. విటమినుల విషయమున నింటివారికంటె గేదెయే అదృష్టవంతురాలు. అయితే నేరమంతయు మరలదే యనుట పొసగదు. మాల్కంసన్ నాటికి బియ్యపు మరలు లేవు. బాగుగా దంపిన బియ్యము తప్ప వేరు తిండి కొరవడినచోట నీ వ్యాధి యప్పుడును కలదు. ధాన్యమును నానబెట్టి ఉడికించి యారబెట్టిన ఉప్పుడు బియ్యములో బి1 గింజలోనికి దిగును. అందుచేత నా బియ్యము వాడు ప్రాంతములలో బెరిబెరి అరుదు. 1918లో కూనూరునందు బెరిబెరి పరిశోధనకై వెలసిన చిన్న శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదు చేరి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది.

అండమానులకు బియ్యము అధికభాగము ఓడపై రావలసినదే. 1942 మార్చి 23న జపానీయులు పోర్టు బ్లెయరును పట్టుకొనిన పిదప ఓడల రాక సన్నగిల్లి, 1945 నాటికి తిండికరవు భయంకరమాయెను. నికోబారీయుల సంప్రదాయాహారము వేరు: కొబ్బరి, దుంపలు, చేపలు, పంది మాంసము, మొగలిజాతి చెట్టు కాయ నుడికించి తీసిన పసుపుపచ్చని గుజ్జు. ఆ పసుపు రంగు కెరొటీనుది. దేహమునందది ఎ విటమినుగా మారును. శ్రీకాకుళ, విశాఖ తీరముల నుండి వచ్చి యిచ్చట స్థిరపడిన తెలుగువారి పళ్ళెములలో మాత్రము నేటికిని మల్లెపువ్వు వంటి తెల్లని యన్నమునకే మర్యాద.