న్యూట్రినో: కణ భౌతికశాస్త్రం, విశ్వశాస్త్రం కలిసిన చరిత్ర

న్యూట్రినో విద్యుదావేశం లేని, అతి స్వల్పమైన ద్రవ్యరాశి గల ప్రాథమిక కణం. ఎలక్ట్రాన్ న్యూట్రినో, మ్యూయాన్ న్యూట్రినో, టౌ న్యూట్రినో అని ఇది మూడు రకాలు. సూర్యుడిలో పుట్టినవే భూమి మీద ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6500 కోట్లు దూసుకుపోతుంటాయి. పదార్థంతో వాటికి పొత్తు అరుదు కాబట్టి ఆ సంగతి మనకు తెలియదు. మనకు తెలిసిన కణాలలో కాంతి కణాలైన ఫోటాన్ల తర్వాత విశ్వంలో ఎక్కువ సంఖ్యలో ఉన్నవి ఇవే. న్యూట్రినోలు ఎన్ని రకాలు, వాటి బరువెంత అన్న ప్రశ్నలకు ప్రయోగశాల ఒక దారిలో, ఆకాశం మరో దారిలో జవాబు చెప్పాయి. ఆ జవాబులను ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూ వచ్చిన క్రమమే ఈ కణం చరిత్ర.

ప్రతిపాదన, ఆవిష్కరణ

కొన్ని రేడియోధార్మిక కేంద్రకాలు ఎలక్ట్రాన్‌ను వెలువరిస్తాయి. దీన్ని బీటా క్షయం అంటారు. ఇలా వెలువడే ఎలక్ట్రాన్లన్నిటికీ ఒకే శక్తి ఉండటం లేదని జేమ్స్ చాడ్విక్ 1914లో గమనించాడు. కేంద్రకం కోల్పోయిన శక్తిలో కొంత లెక్కకు రాకుండా పోతున్నది. శక్తి నిత్యత్వ నియమమే ఇక్కడ పనిచేయడం లేదేమోనని నీల్స్ బోర్ వంటివారు సందేహించారు. వుల్ఫ్‌గాంగ్ పౌలీ ఆ నియమాన్ని వదులుకోలేదు. కంటికి చిక్కని మరో కణం ఆ శక్తిని పట్టుకుపోతున్నదని 1930 డిసెంబరు 4న రాసిన లేఖలో సూచించాడు. ఎన్రికో ఫెర్మి 1933–34లో ఈ కణాన్ని కలుపుకొని బీటా క్షయ సిద్ధాంతాన్ని నిర్మించాడు. న్యూట్రినో అంటే ఇటాలియన్‌లో చిన్న తటస్థ కణం అని అర్థం.

దీన్ని పట్టుకోవడానికి పావు శతాబ్దం పట్టింది. అమెరికాలో సవానా రివర్ అణు రియాక్టర్ పక్కన నేలమాళిగలో క్లైడ్ కోవన్, ఫ్రెడరిక్ రైన్స్ పరికరాలు అమర్చి, 1956లో న్యూట్రినోను నిర్ధారించి పౌలీకి తంతి పంపారు. రియాక్టర్ నుంచి అపారంగా వెలువడుతున్నా, వారికి దక్కినవి గంటకు సుమారు మూడు. రెండో రకమైన మ్యూయాన్ న్యూట్రినో 1962లో బ్రూక్‌హేవెన్‌లోనూ, మూడోదైన టౌ న్యూట్రినో 2000లో ఫెర్మిల్యాబ్‌లోనూ బయటపడ్డాయి.

కోలారు గనులు

రియాక్టర్ల నుంచి కాక ప్రకృతి నుంచి వచ్చే న్యూట్రినోలను తొలిసారిగా 1965లో నమోదు చేసిన చోట్లలో ఒకటి కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న కోలారు బంగారు గని. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు వాతావరణాన్ని తాకినప్పుడు న్యూట్రినోలు పుడతాయి. నేల మీద ఇతర కణాల జడివానలో వీటి జాడ కలిసిపోతుంది. రెండు కిలోమీటర్లకు పైగా రాయి అడ్డుంటే ఆ వాన దాదాపు ఆగిపోతుంది, న్యూట్రినో మాత్రం దాటి వస్తుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం కలిసి ఈ ప్రయోగం చేశాయి. ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంఠన్ దీనికి ముఖ్యులు. అదే ఏడాది రైన్స్ బృందం దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇదే ఫలితం సాధించింది. 1980లలో ప్రోటాన్ క్షయిస్తుందా అన్న ప్రశ్నతో కోలారులో మరిన్ని ప్రయోగాలు జరిగాయి.

మహావిస్ఫోటంతో ముడి

మూలకాలు విశ్వారంభపు వేడిలో ఎలా తయారయ్యాయో వివరిస్తూ రాల్ఫ్ ఆల్ఫర్, జార్జ్ గామో 1948లో సిద్ధాంతం ప్రతిపాదించారు. వారు మొదట్లో న్యూట్రాన్లు మాత్రమే ఉన్నాయనుకున్నారు. ఆ వేడిలో న్యూట్రినోలు న్యూట్రాన్లను ప్రోటాన్లుగా, ప్రోటాన్లను న్యూట్రాన్లుగా మారుస్తూ ఉంటాయని, కాబట్టి వాటి నిష్పత్తిని ముందుగా ఊహించుకోనక్కర్లేదని, లెక్కగట్టవచ్చని జపాన్ శాస్త్రజ్ఞుడు చుషిరో హయాషి 1950లో చూపాడు. ప్రయోగశాలలో తేలిన బీటా క్షయ సిద్ధాంతాన్ని విశ్వారంభపు మొదటి క్షణాలకు అన్వయించడం ఇక్కడ మొదలైంది.

ఆ లెక్క ఇలా సాగుతుంది. విశ్వం వయసు సుమారు ఒక సెకను అయ్యేసరికి వ్యాకోచం వల్ల వేడి తగ్గి, న్యూట్రినోలు పదార్థంతో తెగతెంపులు చేసుకుంటాయి. న్యూట్రాన్, ప్రోటాన్ల నిష్పత్తి అప్పుడు దాదాపు 1:6 దగ్గర నిలుస్తుంది. కొన్ని నిమిషాల్లో కేంద్రకాలు కట్టే వేళకు కొన్ని న్యూట్రాన్లు క్షయించి అది 1:7 అవుతుంది. అంటే ప్రతి 16 కణాల్లో 2 న్యూట్రాన్లు, 14 ప్రోటాన్లు. రెండు న్యూట్రాన్లూ రెండు ప్రోటాన్లతో కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. మిగిలిన పన్నెండూ హైడ్రోజన్. పదహారణాల్లో నాలుగణాలు, అంటే పావలా వంతు ద్రవ్యరాశి హీలియం. పాత నక్షత్రాల్లోనూ వాయు మేఘాల్లోనూ కనిపించే హీలియం కూడా ఇంచుమించు ఇంతే. ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ విశ్వారంభపు వేడికి మిగిలిన ఆనవాలైన విశ్వ నేపథ్య సూక్ష్మతరంగ వికిరణాన్ని 1965లో ప్రకటించాక, మరుసటేడు జిమ్ పీబుల్స్ ఈ గణనను పకడ్బందీగా చేశాడు.

ఎన్ని రకాలు?

న్యూట్రినోల రకాలు పెరిగితే విశ్వంలో శక్తి సాంద్రత పెరిగి వ్యాకోచం వేగవంతమవుతుంది. న్యూట్రాన్లు ప్రోటాన్లుగా మారే వ్యవధి తగ్గి, హీలియం ఎక్కువగా తయారవుతుంది. అంటే హీలియం కొలిస్తే న్యూట్రినోల రకాలకు హద్దు తెలుస్తుంది. సోవియట్ శాస్త్రజ్ఞుడు విక్టోరి ష్వార్ట్స్‌మన్ 1969లోనే ఈ మాట చెప్పాడు. 1977లో గ్యారీ స్టైగ్‌మన్, డేవిడ్ ష్రామ్, జేమ్స్ గన్ దీన్ని సంఖ్యాపరమైన హద్దుగా మార్చారు. 1980లలో కొలతలు మెరుగుపడే కొద్దీ ఆ హద్దు మూడు, మహా అయితే నాలుగు దగ్గరకు దిగింది.

ప్రయోగశాల తీర్పు 1989లో వచ్చింది. జెనీవా దగ్గర సెర్న్ సంస్థ 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో నిర్మించిన లెప్ యంత్రం ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించి జడ్ బోసాన్లనే కణాలను విరివిగా తయారు చేసింది. జడ్ బోసాన్ ఎన్ని రకాల న్యూట్రినోలుగా విడిపోగలిగితే దాని ఆయుష్షు అంత తగ్గుతుంది. ఆ లెక్కన తేలిన తుది సంఖ్య 2.984, దోషం 0.008. తేలికపాటి న్యూట్రినోలు మూడే రకాలు. సృష్టి మొదట్లో తయారైన హీలియం చెప్పిన మాటను సొరంగంలోని యంత్రం ధ్రువపరిచింది. ఇప్పుడు మూడో సాక్ష్యమూ ఉంది. ప్లాంక్ ఉపగ్రహం సూక్ష్మతరంగ వికిరణాన్ని కొలిచి ఇచ్చిన సంఖ్య 2.99, దోషం 0.17.

బరువు, కృష్ణ పదార్థం

మహావిస్ఫోటం మిగిల్చిన న్యూట్రినోలు ఈనాటికీ ప్రతి ఘన సెంటీమీటరులో సుమారు 336 ఉండాలి. ఇంత సంఖ్యలో ఉన్నవాటికి కొద్దిపాటి ద్రవ్యరాశి ఉన్నా మొత్తం కలిపితే విశ్వవ్యాకోచాన్ని ప్రభావితం చేస్తుంది. ఈ తర్కంతో సెమ్యాన్ గెర్ష్‌టీన్, యాకొవ్ జెల్డోవిచ్ 1966లో, భారతీయ శాస్త్రజ్ఞుడు రామనాథ్ కౌసిక్, జాన్ మెక్‌క్లెలండ్ 1972లో న్యూట్రినో ద్రవ్యరాశికి హద్దులు కట్టారు. మ్యూయాన్ న్యూట్రినో విషయంలో ఈ హద్దు అప్పటి ప్రయోగశాల హద్దు కన్నా ఎన్నో రెట్లు బిగువైనది.

మాస్కో బృందం ఒకటి న్యూట్రినో ద్రవ్యరాశి 30 ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లో ఉందని 1980లో ప్రకటించింది. అదే నిజమైతే గెలాక్సీలను పట్టి ఉంచే అదృశ్యమైన కృష్ణ పదార్థం న్యూట్రినోలే కావచ్చు. ఈ ఆశ ఎక్కువ కాలం నిలవలేదు. వేగంగా పరుగెత్తే న్యూట్రినోలు చిన్న గుంపులను చెరిపేస్తాయి. దాంతో పెద్ద నిర్మాణాలు ముందు ఏర్పడి, గెలాక్సీలు ఆలస్యంగా పుట్టాలి. సైమన్ వైట్, కార్లోస్ ఫ్రెంక్, మార్క్ డేవిస్ 1983లో కంప్యూటర్ మీద నమూనా విశ్వాన్ని నడిపి చూసి, అలాంటి విశ్వం మనకు కనిపించే ఆకాశంతో సరిపోలదని తేల్చారు. తర్వాతి ప్రయోగాల్లో మాస్కో ఫలితమూ నిలబడలేదు. కృష్ణ పదార్థం నెమ్మదిగా కదిలే మరేదో అయి ఉండాలన్న అభిప్రాయం దీనితో బలపడింది.

అసలు ద్రవ్యరాశి ఉందన్న రుజువు మరో వైపు నుంచి వచ్చింది. సూర్యుడి నుంచి రావలసిన న్యూట్రినోల్లో మూడో వంతే దొరుకుతున్నాయని రేమండ్ డేవిస్ 1960ల చివరి నుంచి చెబుతూ వచ్చాడు. దారిలో అవి రకం మార్చుకుంటున్నాయన్నది దానికి సమాధానం. జపాన్‌లోని సూపర్ కమియోకాండే 1998లో వాతావరణ న్యూట్రినోల్లోనూ, కెనడాలోని సడ్‌బరీ వేధశాల 2001–02లో సౌర న్యూట్రినోల్లోనూ ఈ మార్పును నిర్ధారించాయి. ద్రవ్యరాశి ఉంటేనే ఇది సాధ్యం. ఈ ఆవిష్కరణకు గాను తకాకి కజితా, ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించింది.

ఆకాశం నుంచి సందేశాలు

ప్రోటాన్ క్షయం కోసం నిర్మించిన పరికరాలకు దొరికింది మాత్రం ఒక నక్షత్ర మరణవార్త. పెద్ద మాగెల్లానిక్ మేఘంలో పేలిన సూపర్నోవా 1987ఏ నుంచి వచ్చిన న్యూట్రినోలు 1987 ఫిబ్రవరి 23న జపాన్, అమెరికా, సోవియట్ యూనియన్‌లలోని పరికరాల్లో నమోదయ్యాయి. అన్నీ కలిపినా ఇరవై పైచిలుకే. పేలుడు వెలుగు కనిపించడానికి కొన్ని గంటల ముందే అవి చేరుకున్నాయి. దక్షిణ ధ్రువం మంచులో అమర్చిన ఐస్‌క్యూబ్ వేధశాల 2013లో సౌరకుటుంబానికి ఆవలి అత్యధిక శక్తి న్యూట్రినోలను ప్రకటించింది.

ప్రస్తుత స్థితి

మూడు రకాల ద్రవ్యరాశుల మొత్తం కనీసం 0.06 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలని రకం మార్పిడి ప్రయోగాలు చెబుతున్నాయి. జర్మనీలోని కాట్రిన్ ప్రయోగం 2025లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఒక్కో న్యూట్రినో ద్రవ్యరాశి 0.45 ఎలక్ట్రాన్ వోల్టులకు మించదు. ప్లాంక్ ఫలితాలు మొత్తానికి విధించిన హద్దు 0.12. గెలాక్సీల పటం గీస్తున్న డెసి సర్వే దాన్ని 0.064 దాకా దించింది. అయితే ప్రామాణిక విశ్వ నమూనా సరైనదనుకుంటేనే ఆకాశపు హద్దులు చెల్లుతాయి. కొలతలు మరింత కిందికి దిగితే తప్పు న్యూట్రినోలదా, నమూనాదా అన్న ప్రశ్న తలెత్తుతుంది.

విశ్వంలో ప్రతిపదార్థం కన్నా పదార్థమే ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకూ జవాబు న్యూట్రినోల్లో ఉండవచ్చని మసతకా ఫుకుగిత, త్సుతోము యనగిద 1986లో ప్రతిపాదించారు. అమెరికాలో డ్యూన్, జపాన్‌లో హైపర్ కమియోకాండే ఈ దిశగా పరిశోధన కోసం నిర్మాణంలో ఉన్నాయి.

మహావిస్ఫోటపు న్యూట్రినోల ఉష్ణోగ్రత ఇప్పుడు 1.95 కెల్విన్లు. వాటి ఉనికి హీలియంలోనూ, సూక్ష్మతరంగ వికిరణంలోనూ పరోక్షంగా కనిపిస్తున్నది. ట్రిటియం కేంద్రకాలు వీటిని పీల్చుకునేలా చేసి పట్టే పద్ధతి ఆలోచనలో ఉన్నా, ప్రతి ఘన సెంటీమీటరులో ఉన్న ఆ 336లో ఒక్కటి కూడా ఇంతవరకు ఏ పరికరంలోనూ నేరుగా నమోదు కాలేదు.