ఏడీహెచ్‌డీ: స్త్రీలలో భావోద్వేగ పార్శ్వం

ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం, తొందరపాటు ప్రధాన లక్షణాలుగా గల ఏడీహెచ్‌డీ అనే నాడీవికాస స్థితిలో, ఉద్వేగం చప్పున ఎగసి నెమ్మదిగా చల్లారడాన్ని భావోద్వేగ అనియంత్రణ అంటారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 దీనిని నిర్ధారణ ప్రమాణాలలో చేర్చక, అనుబంధ లక్షణంగానే పేర్కొంది. పొయ్యి మీది పాలు పొంగిపోయినప్పుడు ఇంట్లోవారు అన్న చిన్న మాట రోజంతా మనసును కలచివేస్తున్నా పైకి కనబడనీయని స్త్రీలలో అలసట, ఆత్మన్యూనత పేరుకుంటాయి. అసలు స్థితి గుర్తింపునకు రాక, ఆందోళనకో కుంగుబాటుకో మాత్రమే చికిత్స జరగడం తరచు కనిపిస్తుంది. ఈస్ట్రోజన్ తగ్గే బహిష్టు ముందు రోజులలో, ముట్లుడిగే దశలో కొందరికి లక్షణాలు తీవ్రమవుతాయి. ఏడీహెచ్‌డీ స్వభావ దోషం కాదు. మందులతో, మానసిక చికిత్సతో, కుటుంబ అవగాహనతో అదుపులోకి తేగల వైద్య స్థితి.